గడియారం వెనక చీటీ

మా ఇంట్లో జీతం చీటీకి ఒక చోటుంది. ముందుగదిలో చలి కాచుకునే గ్యాస్ మంట పైనున్న చెక్క పలక మీద, గడియారం వెనక. అమ్మమ్మ చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రం కూలి కవరు విప్పకుండా తెచ్చి వాళ్లమ్మ చేతిలో పెట్టాలట. విప్పి తెస్తే ఆ పూట ఇంట్లో ఎవరూ పలకరించేవారు కాదట. వాళ్లమ్మ దాన్ని విప్పి, చూసి, చిల్లర పిల్లకిచ్చి, ఖాళీ కవరును గడియారం వెనక నిలబెట్టేది, వచ్చేపోయేవాళ్ల కంట పడేలా. ఇప్పుడు జీతం బ్యాంకులో పడుతుంది, కవరు లేదు. అయినా నేను శుక్రవారం చీటీ తెచ్చి అమ్మమ్మకు ఇస్తాను. మంచి వారమైతే అది గడియారం వెనకకు పోతుంది. కాకపోతే ఎక్కడికి పోతుందో నాకు చాలా రోజులు తెలియలేదు.

అమ్మమ్మ పేరు థెల్మా. డెబ్బై నాలుగేళ్లు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో, గ్రిమ్స్‌బీ చేపల రేవులో ముప్ఫై ఒక్క ఏళ్లు హ్యాడాక్ చేపలు కోసిన మనిషి. ముల్లుకు కండ అంటుకోకుండా రెండు కోతల్లో చేపను విడదీసేదని ఇప్పటికీ అక్కడ ముసలివాళ్లు చెబుతారు. నా పేరు కెల్సీ. నా ఏడో ఏట మా అమ్మ పోయినప్పటి నుంచి నేను అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. పదహారో ఏట, బడి పరీక్షలు మూడు నెలలున్నాయనగా, అమ్మమ్మకు తుంటి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. ఆ తరవాత నేను బడికి పోలేదు. పందొమ్మిది నిండాక నా కూతురు మార్నీ పుట్టింది. ఇప్పుడు నాకు ఇరవై ఒకటి, దానికి పద్నాలుగు నెలలు.

ఇల్లు కౌన్సిల్‌ది, అంటే మా ఊరి పురపాలక సంఘానిది. అమ్మమ్మ నలభై ఒక్క ఏళ్లుగా ఉంటోంది. అద్దెలో ఎక్కువ భాగం కౌన్సిల్ ఇచ్చే అద్దె సాయంతోనే గడుస్తుంది. నాకు పని లేనంత కాలం నా వల్ల ఆ సాయానికి ఏ కోతా పడలేదు. ఫిబ్రవరి చివర్లో రేవులో నాకు పని దొరికింది. పొద్దున అయిదింటికి పోయి పదకొండింటికి తిరిగొస్తాను, ఆ వేళ వరకు అమ్మమ్మ మార్నీని చూస్తుంది. కోసిన బరువును బట్టి కూలి. ఇంట్లో ఇంకొకరు సంపాదిస్తుంటే కౌన్సిల్‌కు చెప్పాలని రూలు ఉంది. అమ్మమ్మ ఆ రోజు సాయంత్రమే ఉత్తరం రాసేసింది. ‘నా మనవరాలికి ఉద్యోగం వచ్చింది, నేను పనిచేసిన బల్ల దగ్గరే నిలబడుతోంది’ అని. బల్ల సంగతి వాళ్లకెందుకని అడిగితే, తెలుసుకుంటారులే అంది.

మా ఊళ్లో ఏడాదంతా ఒక ఎత్తు, గుడ్ ఫ్రైడే వారం ఒక ఎత్తు. ఆ రోజు మాంసం ముట్టకూడదని దేశంలో ఇంటింటా చేపే. చేప, బంగాళదుంప వేపుడు అమ్మే కొట్ల ముందు వీధి మలుపు దాకా మనుషులు నిలబడతారు. ఆ వరస నిజానికి మా కత్తుల దగ్గర మొదలవుతుంది. ఏప్రిల్‌లో ఆ వారం ఆరు రోజులు, రోజుకు పదేసి గంటలు నిలబడ్డాను. అయిస్ నీళ్లకు వేళ్లు మొద్దుబారి, ఇంటికొచ్చాక గుండీ విప్పుకోవడం కూడా చేతకాలేదు. నా వంటి వాసనకు మార్నీ ఒక పూట అమ్మమ్మ స్కర్టు వెనక దాక్కుంది. ఆ శుక్రవారం తరవాత వచ్చిన చీటీని అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది, తుడుచుకుని మళ్లీ చదివింది. గడియారం వెనక పెట్టేటప్పుడు అంకె పైకి కనబడేలా మడత మార్చింది. గ్యాస్ మీటరు చూడటానికి వచ్చిన మనిషికి కూడా చూపించింది. అతను మీటరు రాసుకోవడం మరిచిపోయి మళ్లీ రావలసి వచ్చింది.

మే నెల మధ్యలో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. చిరునామా కనబడేలా చిన్న కిటికీ ఉన్న గోధుమరంగు కవరు. అలాంటి కవరు తలుపు సందులోంచి గుమ్మంలో పడిన చప్పుడు నాకు మిగతా వాటికన్నా వేరేగా వినబడుతుంది. పేరు అమ్మమ్మదే అయినా ఆమె వాటిని నా చేతికే ఇస్తుంది, చిన్న అక్షరాలని వంక పెట్టి. నేను నిలబడి చదివాను. కూర్చుని మళ్లీ చదివాను. మూడోసారికి నా పేరు తప్ప ఇంకేమీ కనబడలేదు. నా పేరు, దాని పక్కన కోత.

“ఏముందే అందులో?” అమ్మమ్మ మార్నీకి గుడ్డు తినిపిస్తూ అడిగింది.

“అద్దె సాయం తగ్గించారమ్మమ్మా. నా వల్ల.”

“నీ వల్లేంటి. వాళ్లింట్లో దొంగతనం చేశావా?”

“పని చేస్తున్నాను కదా. ఇంట్లో సంపాదించే పెద్దవాళ్లు ఇంకొకరుంటే, వాళ్లు కూడా అద్దెలో కొంత వేసుకుంటారని వీళ్ల లెక్క. నాకు ఎంత ఎక్కువ వస్తే నీకు అంత ఎక్కువ కోత.”

“అది న్యాయమేగా. నువ్వు శుక్రవారం శుక్రవారం ఇస్తున్నావు కూడాను.”

“నేనిచ్చేది దీనికి ఏ మూలకీ చాలదు. వాళ్లు వేసిన కోత చూడు. అద్దె సాయంలో ఇక మిగిలేదేమీ లేదు.”

అమ్మమ్మ చూడలేదు. ఆమె కళ్లు గడియారం వైపు పోయి, వెంటనే గుడ్డు మీదికి దిగాయి. నేనూ అటు చూశాను. గడియారం వెనక ఏమీ లేదు.

“అక్కడ చీటీ ఏదీ?”

“టీ పెట్టనా?”

“అమ్మమ్మా. కౌన్సిల్ నుంచి ఫారం వచ్చింది కదా, ఈస్టర్ అయిన వారం. నేనే నింపుతాలే అన్నావు. ఐదు వారాల చీటీలు అడిగారు అందులో. ఎన్ని పంపావు?”

“ఒకటి చాల్లే అనుకున్నా. కోసినవాళ్ల చెయ్యి ఒక్క చేప చూస్తే తెలీదా? దానికి ఐదు పెట్టెలు తిరగెయ్యాలా?”

“ఇది మామూలుగా వచ్చే జీతమేనా అని ఒక గడి ఉండాలి.”

“ఉంది. అవునని టిక్కు పెట్టా.”

నాకు కోపం రావలసింది. ఆమె మార్నీ మూతి తుడిచి, ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి మడత పెట్టింది.

“నువ్వు చెయ్యగలవు కదే. వారం వారం చెయ్యగలవు. చేప రాకపోతే అది సముద్రం తప్పు. నీ తప్పని వాళ్లెందుకు అనుకోవాలి?”

కోపం రాలేదు. దాని బదులు భయం వచ్చింది, నాకు ఎప్పుడూ వచ్చేదే. అద్దె నాలుగు వారాలు నిలిచిపోతే ఒక ఉత్తరం, ఎనిమిది వారాలకు ఇంకో ఉత్తరం. మా వీధి చివరి ఇంటివాళ్ల పరుపులు వానలో పేవ్‌మెంటు మీద ఉండటం నేను చూశాను. నలభై ఒక్క ఏళ్లు ఈ ఇంట్లో ఉన్న మనిషికి ఆ గతి నా పేరు మీద రాబోతోంది. నేను మార్నీని తీసుకుని వెళ్లిపోతే కోత ఉండదు. ఎక్కడికి వెళ్తానో తెలియదు. ఏదో ఒక గది ఇస్తారు, వేరే ఊళ్లో అయినా. అక్కడ పొద్దున అయిదింటికి పిల్లను చూసేవాళ్లుండరు, కాబట్టి పని కూడా పోతుంది. ఆ మాట అమ్మమ్మతో అనలేదు. రెండు రోజులు ఆ ఆలోచనను రేవుకు తీసుకెళ్లి మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను.

శనివారం ఎదురింటి పౌలీన్ ఆంటీ వచ్చింది. ప్రతి శనివారం అల్లం బిస్కెట్ల పొట్లంతో వస్తుంది, అందులో సగం తనే తింటుంది. నేను వంటింట్లో మార్నీ కుర్చీ కడుగుతున్నాను, తలుపు తెరిచే ఉంది.

“గడియారం వెనక ఖాళీ ఏంటి థెల్మా? మీ పిల్ల పని మానేసిందా?”

“నీ నోట్లో ఇసక పడ. కౌన్సిల్‌కు పంపా.” అమ్మమ్మ జరిగింది చెప్పింది, కొంచెం తన వైపు వంచి.

“ఇంతేనా. దీనికి ఇంత మొహమెందుకు పెట్టావు? పిల్ల వెళ్లిపోయిందని రాసి పారెయ్. అయిపోయింది.”

“ఎక్కడికి వెళ్లిందని రాయను?”

“ఎవరో స్నేహితురాలి ఇంటికని. నీకెందుకు ఎక్కడికో. మా చెల్లెలి కొడుకు లేడూ, వాడు కాగితాల్లో ఆరేళ్లుగా ఆ ఇంట్లో లేడు. నేను ఎప్పుడు వెళ్లినా సోఫా మీదే ఉంటాడు. లేవమంటే కూడా లేవడు.”

“మరి ఆ గుమ్మంలో పిల్లల బండి ఎవరిదని చెప్పను? డెబ్బై నాలుగేళ్లకు నేను కన్నానని చెప్పనా?”

“ఎవరొచ్చి చూస్తారు బండి. నీ మంచికే చెప్తున్నా.”

“తెలుసు. బిస్కెట్టు తిను.” కప్పు సాసరులో పెట్టిన చప్పుడైంది. “చూడు పౌలీన్. అది పొద్దున చీకట్లో లేచి పనికి పోతుంది. పదకొండింటికి ఎర్రబడ్డ చేతుల్తో వస్తుంది. ఆ చేతులు ఈ ఇంట్లో లేవని నేను సంతకం పెట్టను. ఇల్లు పోతే పోనీ.”

 పౌలీన్ ఆంటీ ఇంకో బిస్కెట్టు తీసుకుంది.

ఆమె వెళ్లాక నేను ముందుగదిలోకి వచ్చాను. “నేను నిజంగానే వెళ్తే?” అన్నాను. “అబద్ధం రాయక్కర్లేదు అప్పుడు.”

“ఎవరు పొమ్మన్నారు నిన్ను?”

“ఎవరూ అనలేదు. ఆ కాగితం అంటోంది.”

“ఆ కాగితంలో తప్పు రాసింది నేను. పోవాల్సింది నువ్వా?” అంది. తరవాత నా వైపు చూడకుండా, “ఆ ఉత్తరం రెండో పేజీ చదివావా అసలు?” అంది.

చదవలేదు. మొదటి పేజీలోనే భయపడి ఆగిపోయాను. తీసి చదివాను. నిర్ణయం సరికాదనుకుంటే నెల లోపు మళ్లీ చూడమని అడగవచ్చు, తగిన రుజువులు ఇవ్వాలి అని ఉంది. ఆ ఉత్తరం వచ్చి అప్పటికి నాలుగు రోజులు.

“మిగతా చీటీలు ఇవ్వు” అన్నాను.

“పారేశా.”

“నువ్వు బ్రెడ్డు కవరు క్లిప్పులే పారెయ్యవు.”

ఆమె లేచి, తుంటి మీద చెయ్యి వేసుకుని మెల్లగా మెట్లెక్కింది. కుట్టుపెట్టె పట్టుకుని దిగింది. దారపు రీళ్లు, గుండీల డబ్బా తీశాక అడుగున ఉన్నాయి నా చీటీలు, పిన్నీసుతో గుచ్చిపెట్టి. గుడ్ ఫ్రైడే వారం తప్ప మిగతావన్నీ. అన్నిటికన్నా పైన మార్చి మొదటి వారంది. దాన్ని మాత్రం నాలుగు మడతలు పెట్టింది, ఎవరైనా పెట్టె తెరిచినా అంకె కనబడకుండా.

“ఇది ఇవ్వకే” అంది దాని మీద వేలు పెట్టి. “ఇది చూస్తే నిన్ను సోమరి అనుకుంటారు.”

“ఆ వారం మూడు రోజులు ఐస్‌లాండ్ నుంచి చేప తెచ్చే ఓడలు రాలేదు. నేను రోజూ పొద్దున్నే వెళ్లాను అమ్మమ్మా. ఏప్రాన్ కట్టుకుని కూర్చుంటే ఏడింటికి పొమ్మనేవాళ్లు.”

“నాకు తెలుసు. వాళ్లకు తెలీదుగా.”

“నేను చెప్తాను.”

“నువ్వా?”

ఎగతాళిగా అనలేదు. దంతాల డాక్టరు దగ్గర పేరు చెప్పమన్నా నా గొంతు పూడుకుపోవడం ఆమెకు తెలుసు. నేను మడతలు విప్పి ఆ చీటీని బల్ల మీద అరచేత్తో చదును చేశాను.

“ఆ వారం కూడా నాదే కదమ్మమ్మా” అన్నాను. “గుడ్ ఫ్రైడే వారం ఒక్కటే నాది కాదు.”

 ఆమె పిన్నీసు మూసి గుండీల డబ్బాలో వేసింది.

సోమవారం నాకు సెలవు. అద్దె సాయం అమ్మమ్మ పేరు మీద ఉంది కాబట్టి ఆమె కూడా రావాలి. ఆమె పెళ్లిళ్లకూ చావులకూ వేసుకునే నీలం కోటు వేసుకుంది. మార్నీని బండిలో వేసుకుని బస్సులో వెళ్లాం. కౌన్సిల్ ఆఫీసులో నంబరు చీటీ తీసుకుని గంటంబావు కూర్చున్నాం. చీటీల కవరు నా చేతి చెమటకు మెత్తబడింది. మార్నీ నేల మీద పాకి ఎవరిదో బూటు లేసు విప్పేసింది.

మా నంబరు పిలిచిన కిటికీలో ఒక నడివయసు ఆమె కూర్చుని ఉంది. మెడలోని కార్డు మీద లోరైన్ అని ఉంది. కంప్యూటరులో మా కాగితాలు తీసి, ఆమె అమ్మమ్మను అడిగింది.

“థెల్మా గారూ, ఇక్కడ ఇది మామూలు జీతమే అని మీరే టిక్కు పెట్టారు. సంతకం కూడా మీదే.”

“నాదే.”

“అది సరైనదేనా?”

అమ్మమ్మ కోటు గుండీ ఒకటి పట్టుకుంది. మా వెనక పన్నెండు, పదమూడు మంది కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఇద్దరు మా వీధివాళ్లే.

“కాదు” అంది.

“మరి అవునని ఎందుకు పెట్టారు?”

“గొప్పకి.”

లోరైన్ టైపు చేస్తున్నదల్లా ఆగింది.

“నేను ఎనిమిదేళ్ల నుంచి ఈ కుర్చీలో కూర్చుంటున్నాను థెల్మా గారూ. ఇంట్లో వాళ్ల జీతం తక్కువ చేసి చెప్పినవాళ్లు వారానికి నలుగురొస్తారు. ఎక్కువ చేసి చెప్పి చిక్కులో పడ్డది మీరొక్కరే.”

“నువ్వు మా పిల్ల కోసిన చేప చూళ్లేదు అమ్మాయ్. చూస్తే నువ్వూ అదే టిక్కు పెడతావు.”

“అమ్మమ్మా” అన్నాను నేను. నా మొహం వేడెక్కింది. కానీ ఆ మాటతో గొంతు కూడా తెరుచుకుంది. కవరులోంచి చీటీలు తీసి కిటికీ కింది సందులోంచి ఒక్కొక్కటే తోశాను. ఈస్టర్‌కు ముందువి, తరవాతవి, మొత్తం పది. గుడ్ ఫ్రైడేది వాళ్ల దగ్గరే ఉంది.

ఆమె వాటిని వరసగా పరిచింది. “ఒక వారం ఇంత, ఒక వారం ఇంత. రెండు రోజులే పని ఉన్న వారం కూడా ఉంది. ఎందుకిలా?”

“ఓడలను బట్టి మేడమ్. సముద్రంలో గాలివాన వస్తే ఇక్కడ చేప ఉండదు.”

“ఇది మీరు రాసి ఇస్తే మంచిది. ఫైల్లో పెడతాను. నిర్ణయం చేసేది నేను కాదు, వేరేవాళ్లు. మీ గొంతు వాళ్లకు వినబడదు కదా.” ఒక తెల్ల కాగితం, పెన్ను ఇచ్చింది.

గీతలు కూడా లేని కాగితం. గోడ పక్కన ఎత్తు బల్ల ఒకటుంటే అక్కడ నిలబడ్డాను. నిలబడే పని చేస్తాను కాబట్టి అది కొంచెం నయమనిపించింది. ఆరేళ్లలో నేను సరుకుల జాబితాలు తప్ప ఏమీ రాయలేదు. మొదటి మాట కోసం చాలాసేపు చూశాను. తరవాత, రేవులో కొత్తగా వచ్చినవాళ్లకు పని ఎలా చెబుతామో అలా రాశాను, ముందు ఏది, తరవాత ఏది అని.

‘నేను చేపలు కోస్తాను. ఓడలు వస్తే పని ఉంటుంది. సముద్రం బాగా లేకపోతే చేప రాదు, అప్పుడు మమ్మల్ని ఇంటికి పంపేస్తారు. వెళ్లినందుకు డబ్బు ఉండదు. గుడ్ ఫ్రైడే వారం ఏడాదికి ఒక్కసారి వస్తుంది. ఆ వారం ఆరు రోజులు పని చేశాను. మార్చి మొదటి వారం రెండు రోజులే. రెండూ నిజమే. నేను మా అమ్మమ్మ ఇంట్లో ఉంటున్నాను, నా కూతురు కూడా. నా వాటా నేను ఇస్తాను. నాకు నిజంగా వచ్చినదాన్ని బట్టి ఆ వాటా లెక్క వేయమని అడుగుతున్నాను.’

సంతకం పెట్టి తెచ్చేసరికి అమ్మమ్మ చెయ్యి చాపింది. “ఇటివ్వు.”

“చిన్న అక్షరాలు అమ్మమ్మా.”

“నాకు కనబడతాయి.” కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. మెల్లగా కాదు. రేవులో ఈ చివర నుంచి ఆ చివరకు కేక వేసిన గొంతు అది. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ‘రెండూ నిజమే’ అన్నచోట ఆమె ఆగి, ఆ మాట ఇంకోసారి చదివింది. అయిపోయాక కుర్చీల్లోంచి ఎవరో ఒకాయన, “బాగా రాసిందమ్మా పిల్ల” అన్నాడు.

“బడి మానేసింది నా తుంటి కోసం” అంది అమ్మమ్మ ఆయనతో. “లేకపోతే ఈ కిటికీలో ఇది కూర్చునేది.”

లోరైన్ నవ్వు ఆపుకుంటూ కాగితం మీద ముద్ర వేసింది.

తరవాత మూడు వారాలు. అమ్మమ్మ రాత్రి భోజనానికి రొట్టె కాల్చుకుని వెన్న రాసుకుని తినేది, ఈ మధ్య తనకు అదే ఇష్టమని. నేను నమ్మినట్టు తల ఊపి, ఉడికించిన చేప ముక్క ఒకటి ఆమె పళ్లెంలోకి జరిపేదాన్ని. పనిలో ఉన్నంతసేపు బాగానే ఉండేది.  ఇంటికొచ్చి తలుపు తీయగానే ముందు మార్నీని కాదు, గుమ్మంలోని చాప మీద ఏ కవరు పడి ఉందోనని చూసేదాన్ని. అలా చూస్తున్నందుకు నా మీద నాకే చిరాకేసేది.

జూన్ రెండో వారంలో వచ్చింది. ఈసారి మందంగా ఉంది. అమ్మమ్మ దాన్ని విప్పకుండా బల్ల మీద పెట్టి, నేను వచ్చేదాకా దాని ఎదురుగా కూర్చుని ఉంది. మార్నీ ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

“విప్పి చూడకపోయావా?”

“విప్పకుండా ఇవ్వడం మా ఇంటి పద్ధతి” అంది. ఈసారి చెయ్యి మారిందన్నమాట.

రెండు పేజీలూ చదివాను. ముందు నిలబడి, తరవాత కూర్చుని. పదకొండు వారాల సగటు తీసుకున్నారు. కోత సగానికి పైగా తగ్గింది. మొదటి రోజు నుంచే తగ్గినట్టు లెక్క, ఇప్పటికే కోసింది అద్దెలో తిరిగి జమ చేస్తారు. అమ్మమ్మకు అన్నీ చెప్పాను.

“మొత్తం తీసెయ్యలేదా?”

“లేదు. మిగిలింది నేను శుక్రవారం ఇచ్చేదానితో సరిపోతుంది.” ఆ కోత వరసలో నా పేరు మళ్లీ ఉంది. మే నెలలో చూసినప్పుడు అది నేను చేసిన నేరంలా ఉంది. ఇప్పుడు అలా అనిపించలేదు. “నేను ఈ ఇంట్లో ఉన్నాను కదా అమ్మమ్మా. పని చేస్తున్నాను కదా. అందుకని కొంత ఉంటుంది.”

“ఉండాలి మరి” అంది అమ్మమ్మ. “ఉండకపోతే నేనే వెళ్లి అడుగుదును.”

కవరు అడుగున మా చీటీలన్నీ తిరిగి పంపారు. గుడ్ ఫ్రైడే వారంది కూడా ఉంది, మూలన కౌన్సిల్ ముద్రతో. అమ్మమ్మ మార్నీని నా చేతికిచ్చి, ఆ చీటీ తీసుకుని లేచింది. గడియారం దగ్గరకు వెళ్లి ఒక్క క్షణం నిలబడింది. తరవాత వెనక్కి వచ్చి, దాన్ని కుట్టుపెట్టెలో పెట్టి, మిగతావాటిలోంచి మార్చి మొదటి వారం చీటీ వెతికి తీసింది. దాని మీద నాలుగు మడతల గీతలు ఇంకా పోలేదు. బొటనవేలితో రెండుసార్లు రుద్ది, గడియారం వెనక నిలబెట్టింది. అంకె పైకి కనబడేలా.

శనివారం పౌలీన్ ఆంటీ వచ్చింది. కూర్చుంటూనే అటు చూసింది, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది.

“ఇదేంటి థెల్మా, ఇంత చిన్నది పెట్టావు? పెద్దది పోయిందా?”

“ఉంది, పెట్టెలో.”

“మరి?”

“ఆ వారం మూడు రోజులు ఓడ రాలేదు” అంది అమ్మమ్మ టీ పోస్తూ. “మా పిల్ల ఐదు రోజులూ వెళ్లింది.”

పౌలీన్ ఆంటీ బిస్కెట్టు టీలో ముంచి, అలాగే పట్టుకుని, గడియారం వైపే చూస్తూ ఉండిపోయింది. బిస్కెట్టు విరిగి కప్పులో పడింది.

“చెంచా ఇవ్వవే కెల్సీ, ఆంటీకి” అంది అమ్మమ్మ.